కాగితం బూటుకి ఏడు గాట్లు

"టీచర్! ఈ రెండూ ఎడమకాలివే!"

లూసిల్ తలెత్తింది. గుమ్మంలో పొడుగ్గా ఒకతను. ఒక చేతిలో కాగితం బూట్ల జత, ఇంకో చేతికి వేలాడుతూ నాలుగేళ్ల పీయా. పాప మూతి మూరెడు పొడుగుంది.

"మీరెవరు?"

"దీని మావయ్యని. సాంతో. రెండు ఎడమకాళ్లున్న మనిషిని మీరెక్కడ చూశారండీ?"

లూసిల్ కాగితాలు లాక్కుని చూసింది. పిల్లలు లేసులు కట్టడం నేర్చుకోవాలని తనే కష్టపడి బూటు బొమ్మ గీసింది. ఆ ఒక్క బొమ్మనే రెండేసి కాపీలు ప్రింట్ తీసింది. ఇరవైరెండు మంది పిల్లలకి నలభైనాలుగు ఎడమ బూట్లు. అదీ ఎక్కడ? ఇంటింటా బూట్లు కుట్టే మరికినా ఊళ్లో!

"చిన్నపిల్లలకి తేడా ఏం తెలుస్తుందండీ?" అంది బింకంగా.

"ఇక్కడ పిల్లలకి మాటలకన్నా ముందు ఇదే తెలుస్తుంది. పీయా, చెప్పవే."

"లోపలివైపు వంపుంటుంది టీచర్," అంది పీయా జాలిగా.

లూసిల్ తన బూటు విప్పేసి వంపు చూసుకుంది. నిజమే! ఇన్నేళ్లుగా తొడుక్కుంటోంది, ఒక్కసారైనా చూసిందా?

"ఎందుకుంటుందలా?" అని అడిగింది.

దెబ్బలాడటానికొచ్చిన సాంతో కోపం మర్చిపోయి కింద కూర్చుని మరీ చెప్పాడు.

నెలాఖరుకి బడిలో కుటుంబాల పండగ. ఆ రోజే తల్లిదండ్రుల కమిటీ ఈ టీచర్ని వచ్చే ఏడాదికి ఉంచుకోవాలో, ఆమె సొంతూరు నాగాకి తిప్పి పంపెయ్యాలో తేలుస్తుంది. కమిటీ పెద్ద పూరా ఆంటీ. పీయా అమ్మమ్మ, సాంతో తల్లి. ఆవిడ ఇప్పటికే నలుగురిలో అనేసింది, "బూటు తెలియని మనిషి మన పిల్లలకేం చెప్తుంది?" అని.

లూసిల్‌కి పౌరుషం వచ్చేసింది. నిజంగా తొడుక్కుని నడిచే కాగితం బూటు చేయిస్తా, పిల్లల చేతే చేయిస్తా!

మర్నాడు సాయంత్రం, జోరువానలో, సాంతో పనిచేసే షెడ్డు ముందు ప్రత్యక్షమైంది. అతను బూట్లకి నమూనాలు కత్తిరిస్తాడు.

"ఇది చూడండి. కాలి కొలతకి సరిగ్గా గీశా. తొడగ్గానే చిరిగిపోతోంది."

"సరిగ్గా గీస్తే చిరగదా మరి? అంచు వదల్లేదేం?"

"ఎందుకు వదలాలి?"

"అడుగుకి మడవాలిగా."

"వదిలి మడిచినా ముడతలొస్తున్నాయే!"

"మడిచే అంచుకి కత్తెరతో గాట్లు పెట్టాలి."

"ఎన్ని? ఎందుకు?"

సాంతో నవ్వాడు. కత్తెర ఆమె చేతిలో పెట్టాడు, వెంటనే పక్కకి జరిగాడు, దూరం మరీ ఎక్కువైందనుకున్నాడో ఏమో మళ్లీ కొంచెం ఇటు జరిగాడు. "ముందు వంపుకి ఏడు. మడమకి మూడు. ఏడోది మాత్రం ఏటవాలుగా."

అప్పట్నుంచి రోజూ నాలుగింటికి లూసిల్ అక్కడే. ఒకరోజు వేడి రొట్టెల పొట్లంతో వచ్చి మూడే ప్రశ్నలడిగింది.

"నిన్న పదకొండు. ఇవాళ మూడేనా? ఒంట్లో బాలేదా?" అన్నాడు సాంతో, నిజంగానే కంగారుపడి.

పండగరోజు వచ్చింది. ఇరవైరెండు మంది బుడతలు తాము కత్తిరించి, మడిచి, అంటించిన బూట్లేసుకుని హాలంతా టకటకా నడిచారు. కత్తెర దగ్గరికి కూడా రానివ్వని పిల్లలు బూటు చేశారా అని తండ్రులు నోరెళ్లబెట్టారు. లూసిల్ చూపు మాత్రం పూరా ఆంటీ మీదే.

ఆవిడ నవ్వలేదు. పీయా కాలిబూటు ఊడదీసి తిరగేసింది. అడుగున మడత విప్పి గాట్లు లెక్కపెట్టింది.

"ఏడోది ఏటవాలు. ఇవి మా ఇంటి గాట్లు! నీకెవరు చెప్పారమ్మాయ్?"

"నేనే అడిగానాంటీ. సాంతో చెప్పారు."

"సొంత మేనమామ బతిమాలినా చెప్పలేదు మేము! ఇంటి మనిషికి తప్ప చెప్పకూడదు. ఇది ఎవరెవరికిచ్చావ్?"

"మిగతా ఊళ్ల టీచర్లకి పనికొస్తుందని... ఈ నమూనా నెట్‌లో పెట్టేశానాంటీ. ఎవరైనా ప్రింట్ తీసుకోవచ్చు. నాలుగొందలమంది తీసుకున్నారు కూడా."

అయిపోయింది, ఇంక నాగాకి బస్సెక్కడమే అనుకుంది లూసిల్.

"పెట్టమంది నేనేనమ్మా," అన్నాడు సాంతో ముందుకొచ్చి.

"నీకు బుద్ధుందా? ఇంటి మనిషికే చెప్పాలని తెలీదురా?"

"తెలుసు." సాంతో చెవులు ఎర్రబడ్డాయి. "తెలిసే చెప్పా."

పూరా ఆంటీ కొడుకుని చూసింది. టీచర్ని చూసింది. బూటుని ఇంకోసారి తిప్పి చూసి, ఏడో గాటు మీద వేలు రాసింది.

"గాటు బాగానే పెట్టించింది," అంది గొణుగుతూ. తర్వాత కమిటీ వైపు తిరిగి గొంతు పెంచింది. "గుట్టు ఎలాగూ ఊరు దాటిపోయింది. గుట్టు తెలిసిన మనిషినైనా ఊళ్లో ఉంచుకోవద్దూ? టీచర్ ఇక్కడే ఉంటుంది. ఏమంటారు?"

చప్పట్లే చప్పట్లు! ఆ గోలలో లూసిల్ సాంతో దగ్గరికి నడిచింది.

"ఇంటి మనిషినా? నన్నడగకుండానే?"

"ఇప్పుడడుగుతున్నాగా. ముందు సరేననండి టీచర్. ఎందుకో తర్వాత చెప్తా."

"కుదరదు. ముందు చెప్పాలి." లూసిల్ పిల్లల బుల్లి కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది, ఇంకోటి అతని వైపు తోసింది. "మొదట్నుంచీ. ఒక్కటి కూడా వదలకుండా."