ఏనుగుబండ కింద చప్పుడు

ఫిలింనగర్‌లో దెయ్యాలకు కొదవేమీ లేదు. పొద్దున్నే మేకప్ వేసుకుని, జుట్టు విరబోసుకుని, పొగలో అటూ ఇటూ తిరిగి, సాయంత్రం ఆ రోజు బేటా డబ్బులు తీసుకుని ఇంటికి పోతాయి. వాటిని చూసి అక్కడి చంటిపిల్లలు కూడా బెదరరు. కానీ ఏనుగుబండ కింద సందు మాట ఎత్తి చూడండి... సెట్లకు మేకులు కొట్టి కండలు పెంచిన మొనగాళ్లు కూడా మాట మార్చేస్తారు.

పైన జూబ్లీహిల్స్ బంగళాల ప్రహరీ గోడలు. వాటి కింద, గుట్ట వాలులో, ఏనుగు వీపులా ఉబ్బిన బండ. ఆ బండ నీడలో ఆరు గదుల వరస. కింద బస్తీలో ఒక్కో గదిలో ఏడెనిమిది మంది ఒకరి మీద ఒకరు పడుకునేవాళ్లే గానీ, ఆ ఖాళీ గదుల్లో కాలు పెట్టినవాళ్లు లేరు.

ఎందుకంటే చీకటి పడితే చాలు, బండలోంచి చప్పుడు. టక్... కాసేపు ఆగి... మళ్లీ టక్.

"యాదమ్మ కొడుతుంది" అని తలుపులు బిగించుకునేవాళ్లు. యాదమ్మ అంటే ఆ వరసలో చివరి గదిలో ఉండిన మనిషి. ఒక వానాకాలం రాత్రి వెనక గోడ కూలి దాని కిందే పోయింది. గోడ నాసిరకందని అందరూ తిట్టుకున్నారు. గది మళ్లీ కట్టారు. ఎవరూ దిగలేదు, మిగతా గదులవాళ్లూ ఖాళీ చేసి పోయారు.

అలాంటి చోటికి వచ్చిపడింది హిమజ. తణుకు పిల్ల. నగరాలు ఎలా కట్టాలో, ఎలా సర్దాలో పీజీలో చదువుకుంటోంది. ఆ చదువులో పరీక్షల కంటే పెద్ద పని ఒకటుంటుంది. నిజమైన బస్తీకి వెళ్లి, అక్కడివాళ్లు అడిగిన పని చేసిపెట్టాలి. హిమజకీ, ఆమె క్లాస్‌మేట్ రఘునందన్‌కీ ఏనుగుబండ బస్తీ పడింది.

బస్తీ సంఘం పెద్ద అనసూయమ్మ అడిగింది ఒక్కటే.

"రోడ్డు ఎడల్పుల ఇండ్లు పోయినోళ్లు ఆరు కుటుంబాలు కవర్ల కింద ఉన్నరు బిడ్డా. వానలు రాకముందే జర జాగ చూపియ్యుండ్రి."

వాళ్లిద్దరూ గుట్టంతా కొలిచారు. మ్యాపు గీసి చూస్తే ఖాళీగా మిగిలింది ఆ ఆరు గదులే. గదులు ఆరు, కుటుంబాలు ఆరు. అడ్డం ఉన్నది ఒక్క దెయ్యం. దాన్ని తీసేస్తే పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది కదా, అనుకుంది హిమజ. సరదాకి కాదు, గట్టిగానే అనుకుంది.

బండకు థర్మామీటరు కట్టి ఇద్దరూ రాత్రుళ్లు అక్కడే కూర్చున్నారు. పగలంతా ఎండకు మాడిన బండ, రాత్రి చల్లబడే కొద్దీ చప్పుడు చేస్తోంది. అంతే సంగతి. బస్తీ మీటింగులో హిమజ లేచి చెప్పింది. "పొయ్యి మీంచి దించిన పెనం చల్లారుతూ టిక్కుమనదా అండీ? ఇదీ అంతే. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు."

జనం నవ్వారు. చప్పట్లు కొట్టారు.

రఘునందన్ మాత్రం బయటికి వచ్చాక నసిగాడు. "బండ కింద మన్ను గూడ తెలిసినోళ్లకు ఒకపారి సూపిద్దాం హిమజా."

"ముందు ప్రొఫెసర్ల ముందు జ్యూరీ కానీరా బాబూ. తర్వాత చూద్దాం" అంది.

జ్యూరీ అయింది. ప్రొఫెసర్లు మెచ్చుకున్నారు. ఆరు కుటుంబాలూ సామాన్లతో దిగాయి. చివరి గదిలోకి భువన దిగింది. చంకలో పాలు తాగే పిల్లవాడు, మొగుడు లైట్‌మన్. షూటింగని అవుట్‌డోర్ పోయాడంటే ఎప్పుడొస్తాడో తెలీదు. "నీ పుణ్యం అక్కా" అని హిమజ చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

ఆ సాయంత్రమే అనసూయమ్మ హిమజను పక్కకు పిలిచింది. గొంతు తగ్గించింది.

"గోడ గూలిన నాటి రాత్రి... లోపల్నుంచి సప్పుడు వచ్చింది బిడ్డా. టంగ్... టంగ్ అని. స్టీలు గిలాసతోని రాయి మీద కొట్టింది యాదమ్మ. కింద సెట్టు కాడ ఎవరో మేకులు కొడుతున్నరనుకొని నేను దుప్పటి కప్పుకున్న. తెల్లారి తీస్తే... చేతుల గిలాస. అంతా సొట్టలు. గీ మాట ఇంతవరకు ఎవ్వలకు జెప్పలే."

"ఇప్పుడొచ్చేది బండ చప్పుడే పెద్దమ్మా" అంది హిమజ, ఆమె భుజం మీద చెయ్యేసి.

వానలు పట్టుకున్నాయి. ముసురు. రోజుల తరబడి సూర్యుడు మొహం చూపించలేదు. యూసఫ్‌గూడ హాస్టల్లో హిమజ అన్నం తింటుంటే భువన ఫోన్ చేసింది.

"అక్కా, నీ పెనం ఇయ్యాల మస్తు సప్పుడు జేస్తుంది. పోరడు పండుకుంటలేడు." నవ్వుతోంది.

హిమజ కూడా నవ్వింది. ఫోన్ పెట్టేసింది. ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది.

ఎండ ఏది?

ఇన్ని రోజులుగా ఎండే లేదు. వేడెక్కని పెనం... చల్లారేదేమిటి? బండ చల్లబడటం లేదు. బండ కదులుతోంది. ఆనాడు గోడ నాసిరకమై కూలలేదు... బండే తోసింది. ఇన్నాళ్లూ భయం కాపాడిన ఆ గదుల్లోకి ఆరు కుటుంబాలను తనే తోలింది.

భువనకు చేస్తే ఫోన్ కలవలేదు. రఘునందన్ బండి మీద, కుండపోత వానలో ఇద్దరూ బయల్దేరారు. దారి పొడుగునా "దేవుడా, దేవుడా" అనుకోవడమే. బస్తీ మొదట్లో కరెంటు లేదు. ఫైరింజన్‌కు ఫోన్ చేసి దారి చూపిస్తానని అతను రోడ్డు మీదే ఆగిపోయాడు. హిమజ ఒక్కతే సందులోకి పరిగెత్తింది.

టక్... టక్... టక్. ఇక ఆగి ఆగి కాదు.

మొదటి తలుపు బాదింది. "లేవండి, బండ జారుతోంది, బయటికి రండి!"

తలుపు సందులోంచి నిద్రమొహం. "గీ వానల పిల్లలనేసుకొని యాడికి వోవాలె? నువ్వే గదమ్మా జెప్పినవ్, పెనం సప్పుడని. పోయి పండుకో."

"నేను తప్పు చెప్పానండీ... తప్పు చెప్పాను!"

రెండో గదిలో, మూడో గదిలో అదే మాట. దెయ్యం లేదని అంత బాగా నమ్మించింది మరి. చదువుకున్న పిల్ల చెప్పింది, వాళ్లు నమ్మారు, ఇప్పుడు హాయిగా పడుకున్నారు. వాళ్ల కాళ్ల మీద పడి ఏడవాలనిపించింది. ఏడిస్తే మాత్రం లేస్తారా?

అప్పుడు తట్టిందామెకు. జడ విప్పేసుకుంది. సందు మధ్యలో నిలబడి, గొంతు పగిలేలా కేక పెట్టింది.

"యాదమ్మ... అమ్మో, యాదమ్మ! పిల్లల్ని తీసుకుపోతానంటోంది!"

తలుపులు ఒక్కొక్కటే దబదబా తెరుచుకున్నాయి. పిల్లల్ని చంకనేసుకుని, ముసలాళ్లను ఈడ్చుకుని, ఒకరినొకరు తోసుకుంటూ సందు బయటికి పరుగు. హిమజ ఒక్కొక్కళ్లనే చూసుకుంది. ఐదు గదులు ఖాళీ అయ్యాయి.

చివరిది మూసే ఉంది.

"భువనా!" అంటూ పరిగెత్తింది. నీళ్లు మోకాళ్లదాకా తోసుకొస్తున్నాయి. కాలు జారింది. మడమ దగ్గర ఏదో కలుక్కుమంది. లేవబోయింది, లేవలేకపోయింది. ఆ తలుపు అక్కడే, ఇంకో నాలుగంగల్లో ఉంది. దేకింది. బురద పట్టుకుని దేకింది. "భువనా... లేవవే తల్లీ..."

బండ మూలిగింది.

ఎవరో వెనకనుంచి రెక్క పట్టుకుని ఆమెను లాగేశారు. కళ్ల ముందే ఆ వరస వరసంతా మట్టిలో కలిసిపోయింది.

"చంపేశాను... పసిగుడ్డుతో సహా చంపేశాను" అని నేలకేసి తల కొట్టుకుంటుంటే, లాగిన మనిషి ఆ తల పట్టుకుని ఆపింది. అనసూయమ్మ. హిమజను భుజానికెత్తుకున్నంత పని చేసి, బండకు దూరంగా ఉన్న సంఘం గదికి తీసుకెళ్లింది.

లాంతరు వెలుగులో జనమంతా ముద్దలా ఉన్నారు. మూలన, టవల్లో చుట్టిన పిల్లవాణ్ని ఒళ్లో వేసుకుని... భువన.

హిమజ దేక్కుంటూ వెళ్లి పిల్లవాడి కాళ్లు తడిమింది. వెచ్చగా ఉన్నాయి. అప్పుడు వచ్చింది ఏడుపు, ఆపుకోలేనంత.

"ఎట్లా... ఎట్లా వచ్చావే?"

భువన వింతగా చూసింది. "నువ్వే గదక్కా తీస్కచ్చినవ్? నువ్వు లొల్లి వెట్టకముందే నా తలుపు కొట్టినవ్. తీసేవరకు నీ ఈపు కనవడ్డది, ఎంటికలు ఇరబోస్కొని ముందుగాల నడుస్తున్నవ్. పిలిస్తే పలుకలే. నీ ఎన్కనే వచ్చిన."

హిమజ అనసూయమ్మ వైపు చూసింది. ఆమె హిమజ వైపే చూస్తోంది.

"గని అక్కా," అంది భువన, పిల్లవాణ్ని జో కొడుతూ, "తలుపు చెయ్యితోని కొడితే ఇనవడదా? గిలాసతోని ఎందుకు కొట్టినవ్... టంగ్, టంగ్ అని?"