అక్క కణాలు ఏమయ్యాయి?

ఇంక్యుబేటర్ తలుపు బార్లా తెరిచి ఉంది. మధ్య అర ఖాళీ.

దాని ముందు ఒకమ్మాయి నేలమీద చతికిలబడి ఏడుస్తోంది.

"మా అక్కని ఎత్తుకుపోయారు సార్."

సెక్యూరిటీ ఆఫీసర్ ఆ అరవంక, అమ్మాయివంక మార్చి మార్చి చూశాడు. ముప్పై ఏళ్ళ పోలీసు ఉద్యోగంలో కిడ్నాపులు చాలా చూశాడు. బీరువాలాంటి పెట్టెలోంచి మనిషిని ఎత్తుకుపోవడం మాత్రం ఇదే మొదలు.

"అక్క అంటే అక్క కాదండీ," వెనకనుంచి ప్రొఫెసర్ అందుకుంది. "ఇందులో పెంచుతున్న వాళ్ళక్క కణాలు. సెల్స్."

పోలీసు శాఖలో ఆయన్ని "జిడ్డు" అనేవారు, పట్టుకుంటే వదలడని. రిటైరై ఈ వైద్య పరిశోధనా సంస్థలో చేరినా, పేరు కూడా వెంటపడి వచ్చేసింది. మొహంమీద అనే ధైర్యం ఎవరికీ లేదు. కానీ ఆయనకు తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

"మొదటినుంచీ చెప్పండి."

ప్రొఫెసర్ చెప్పింది. ఈ అమ్మాయి అక్క రెండేళ్ళ కిందట క్యాన్సర్‌తో పోయింది. ఆపరేషన్‌లో తీసిన గడ్డలోంచి కొన్ని కణాలు తీసి పెంచుకోమని అక్కే సంతకం పెట్టింది. "నా జబ్బు నీ చదువుకైనా పనికొస్తే చాలే," అందట. చెల్లెలు వాటిని పల్చటి ప్లాస్టిక్ ఫ్లాస్కుల్లో పెంచింది. ఏ మందుకు లొంగుతాయో చూసింది. ఆ పనే చూపించి డాక్టరేట్ ఫెలోషిప్‌కి అప్లై చేసింది.

"మూడు రౌండ్లు దాటింది. ఆఖరిది రేపే. ప్యానెల్ ఇక్కడికే వస్తుంది. సెల్స్‌ని మైక్రోస్కోపులో చూపించి, వాళ్ళడిగిన వాటికి జవాబు చెప్పాలి. నెగ్గితే అయిదేళ్ళ చదువు ఖర్చు మొత్తం వాళ్ళదే. ఈ ల్యాబుకి ఒక్కటే సీటు. వచ్చే ఏడాదికి ఈవిడ వయసు దాటిపోతుంది."

అంటే, ఇంక ఈ జన్మకి అంతే.

సన్నగా, పొట్టిగా, ఒక్కచోట కాలు నిలవని ఆ అమ్మాయిని ల్యాబులో అందరూ పిచ్చుక అంటారు. ఇవాళ ఆ పిచ్చుక కదలడం లేదు.

"ఎన్నింటికి వచ్చావమ్మా?"

"ఎనిమిదింటికి."

"ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. కోటు వేసుకున్నాను. రేపటికి ఏం మాట్లాడాలో ఓసారి చూసుకున్నాను. తర్వాత సెల్స్‌కి మీడియా మారుద్దామని ఇంక్యుబేటర్ తెరిచాను. లేవు."

"మీడియా అంటే?"

"వాటి ఆహారం సార్. ఎర్రగా ఉంటుంది."

ఆమె ఫోన్ చేసింది ఎనిమిదీ ఇరవైకి. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఎత్తింది ఆయనే.

జిడ్డు గదంతా కలియతిరిగాడు. చెత్తడబ్బాలో రెండు ఫ్లాస్కులు దొరికాయి. వాటినిండా బ్లీచ్. లోపల కణమన్నది మిగల్లేదని ప్రొఫెసర్ తేల్చింది. పొగలు కక్కే నైట్రోజన్ ట్యాంకులో గడ్డకట్టించి దాచిన చిన్న సీసాలుంటాయి, వాటిని వయల్స్ అంటారు. పిచ్చుక డబ్బాలో ఒక్క వయల్ కూడా లేదు. మిగతావాళ్ళ డబ్బాలు చెక్కుచెదరలేదు.

మూల బల్లమీద ఒక స్టీలు తొట్టి. అందులో నీళ్ళు. జిడ్డు వేలు ముంచాడు. వెచ్చగా ఉన్నాయి.

"ఇదేంటి? స్నానానికా?"

"దాన్ని వాటర్ బాత్ అనే అంటాం లెండి," ప్రొఫెసర్ నవ్వలేక నవ్వింది. "మీడియా సీసాలు వెచ్చబెట్టడానికి."

తొట్టిలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆయన వేలు జేబురుమాలుకు తుడుచుకున్నాడు.

"ఇది బయటివాడి పని కాదు," అన్నాడు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఈశ్వరుణ్ణి కాను కాబట్టి ప్రయత్నం చేస్తాను."

మొదట ర్యాంకును పిలిచాడు. ఊహ తెలిసినప్పటినుంచీ ఫస్ట్ ర్యాంకు తప్ప ఎరగని కుర్రాడు కాబట్టి ల్యాబులో ఆ పేరు. ఆ సీటుకి రెండో పోటీదారు.

"నిన్న సాయంత్రం ఆఖర్న వెళ్ళింది నువ్వే."

"అవును సార్. కానీ నేను ముట్టుకోలేదు."

"ముట్టుకున్నావని నేనన్నానా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. కుర్రాడు ఎర్రబడ్డాడు.

"పిచ్చుక లేకపోతే సీటు నీదే కదా?"

"ఉన్నా నాదే అనుకునేవాణ్ణి. రెండు నెలల కిందటిదాకా."

"తర్వాత?"

"తన సెల్స్ ఒక్కసారిగా జోరందుకున్నాయి. వారం పట్టే ఫ్లాస్కు రెండ్రోజుల్లో నిండిపోతోంది. అందరం పార్టీ అడిగాం. నాకు లోపల కుళ్ళుగానే ఉంది, అబద్ధమెందుకు? కానీ సెల్స్‌ని చంపడానికి నాకు చేతులు రావు సార్."

జిడ్డు నమ్మలేదు, నమ్మకపోనూ లేదు.

మధ్యాహ్నం పిచ్చుక బావ వచ్చాడు. అక్క భర్త. గడ్డం మాసి ఉంది.

"మొన్న ఇక్కడికొచ్చి మరదలిమీద కేకలేశారట?"

"వేశాను. మా పాపకి నాలుగేళ్ళు. 'పిన్ని వాళ్ళ ఆఫీసులో అమ్మ ఇంకా ఉందంట కదా నాన్నా, ఎప్పుడు తీసుకొస్తావ్?' అనడిగింది. ఏం చెప్పమంటారు?"

"అందుకని మీరే..."

"నాకీ గది తాళం కూడా లేదండీ." ఆయన గొంతు తగ్గిపోయింది. "అసలు ఇవన్నీ ఆపేయమనే గొడవపడ్డాను. పొద్దున ఫోన్ చేసి పోయాయంది. నాకు ఆవిడ మళ్ళీ పోయినట్టనిపించింది."

జిడ్డు ఆయనకు మంచినీళ్ళు ఇప్పించి పంపేశాడు. ఆ తర్వాత చాలాసేపు ఎవర్నీ పిలవలేదు. మనసు బాగాలేక.

సాయంత్రానికి డైరెక్టరు ఆర్డరు వచ్చింది. విచారణ తేలేదాకా ర్యాంకు ఇంటర్వ్యూకి వెళ్ళరాదు. ఆ మాట ప్రొఫెసర్ చదివినప్పుడు ర్యాంకు పిచ్చుక వంక చూశాడు. పిచ్చుక తల దించుకుంది. పాపం, దుఃఖంలో ఉంది అనుకున్నారంతా. జిడ్డు కూడా అలాగే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన ల్యాబులో ఓ మూల కుర్చీ వేసుకున్నాడు. ఒక గదిలో దొంగతనం జరిగితే, ఆ గదిలో మామూలు రోజు ఎలా ఉంటుందో ముందు చూడాలి. ఇది ఆయన పాత పద్ధతి.

ముందు ర్యాంకు వచ్చాడు.

"నిన్ను రావద్దన్నారుగా?"

"ఇంటర్వ్యూకి కదా సార్. సెల్స్‌కి ఆకలి ఆగదు."

భుజాన బ్యాగు అలాగే ఉంది. ఫ్రిజ్ తెరిచి, తన ఎర్ర సీసా తీసి, వాటర్ బాత్‌లో దింపాడు. అప్పుడు బ్యాగు దించాడు. అప్పుడు కోటు తొడుక్కున్నాడు.

తర్వాత ప్రొఫెసర్. చెవిదగ్గర ఫోను. ఎవరితోనో ప్యానెల్ గురించి మాట్లాడుతూనే ఫ్రిజ్ తెరిచింది, సీసా తీసింది, తొట్టిలో పెట్టింది.

జిడ్డు లేచి నిలబడ్డాడు.

"మేడమ్, ఆ సీసా ఎందుకు పెట్టారు?"

"ఏ సీసా?" ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. "ఓ, అదా. అలవాటండీ. చల్లటి మీడియా పోస్తే సెల్స్ దెబ్బతింటాయి. వెచ్చబడ్డానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అందుకని వచ్చీరాగానే పడేస్తాం. ఈ పని చేసేవాళ్ళెవరైనా అంతే."

జిడ్డు ఫ్రిజ్ తెరిచాడు. తలుపు అరలో పిచ్చుక బొమ్మ గీసిన సీసా ఒకటుంది. నిండుగా. చల్లగా.

"అందర్నీ పిలవండి," అన్నాడు. "బావగారిని కూడా."

ప్యానెల్ రావడానికి ఇంకా టైముంది. నలుగురూ బల్ల చుట్టూ నిలబడ్డారు.

"నిన్న పొద్దున ఒక మాట విన్నాను," జిడ్డు మొదలుపెట్టాడు. "సెల్స్‌కి మీడియా మారుద్దామని ఇంక్యుబేటర్ తెరిచాను అన్న మాట. అప్పటికి వచ్చి ఇరవై నిమిషాలైంది. ఈ వాటర్ బాత్‌లో నేను వేలు పెట్టి చూశాను. ఒక్క సీసా లేదు."

ప్రొఫెసర్ మొహం మారిపోయింది. ర్యాంకుకి కూడా అర్థమైంది. బావ ఒక్కడే అయోమయంగా చూస్తున్నాడు.

"అన్నం పెట్టడానికి వెళ్ళేవాళ్ళు ముందు పొయ్యి వెలిగిస్తారు కదండీ. ఈమె వెలిగించలేదు. తినేవాళ్ళు లేరని ముందే తెలుసు కాబట్టి." ఆయన పిచ్చుక వైపు తిరిగాడు. "ఎందుకమ్మా?"

ఆమె బుకాయించలేదు.

"అవి అక్క సెల్స్ కావు సార్."

"అంటే?"

"అక్క సెల్స్ నిదానం. పొడుగ్గా, సన్నగా ఉంటాయి. రెండు నెలల కిందట నా మీడియా అయిపోయి, ర్యాంకు సీసాలోది కొంచెం పోసుకున్నాను. తర్వాత జోరుగా పెరిగాయి. ఎంత సంతోషించానో. మొన్న రాత్రి నిద్రపట్టక మళ్ళీ ల్యాబుకొచ్చి, వాడి ఫ్లాస్కు, నా ఫ్లాస్కు పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే. వాడి సెల్స్ నా ఫ్లాస్కులో పడి, అక్కని తినేశాయి. పైరుని కలుపు తినేసినట్టు. ఆ తర్వాత దాచిన వయల్స్ అన్నీ కలుపే. అప్పట్నుంచీ నేను రాసిన రిజల్టంతా తప్పే. అందుకే ఫ్లాస్కుల్లో బ్లీచ్ పోసి, వయల్స్ తీసి పారేశాను."

"నాతో చెప్పొచ్చుగా!" ప్రొఫెసర్ గొంతు లేచింది.

"చెప్తే ఫెలోషిప్ లిస్టులోంచి పేరు కొట్టేస్తారు. దొంగతనం జరిగిందంటే అందరూ అయ్యో అంటారు, గడువు ఇస్తారు అనుకున్నాను. ఇంకోటి..." ఆమె ఆగింది. "చెప్తే మీరు మొదటి వయల్ తియ్యమంటారు మేడమ్."

జిడ్డు చెవి ఆ మాటమీద పడింది.

"ఒకటి మిగిల్చావన్నమాట. ఇంటికి పట్టుకెళ్తే కరిగి చస్తుంది. కాబట్టి ట్యాంకులోనే ఉంది."

"అడుగున ఖాళీ డబ్బాలో." ఆమె ట్యాంకు వైపు చూసింది. "అక్క బతికుండగా దాచిన సీసా. మొట్టమొదటిది. కలుపు పడకముందువాటిలో వాడకుండా మిగిలింది అదొక్కటే. అప్పటికి నాకు పని సరిగ్గా రాదు. నెమ్మదిగా గడ్డకట్టించాలి. తొందరపడ్డానేమో. తెరిస్తే అందులో ఒక్క కణం కూడా బతికి లేకపోతే? తెరవనన్నాళ్ళూ అక్క ఉన్నట్టే కదా సార్?"

జిడ్డు ఎందరో దొంగల చేత నేరం ఒప్పించాడు. ఒప్పించినందుకు ఇంత బాధ ఎప్పుడూ పడలేదు.

ర్యాంకు ముందుకొచ్చాడు.

"నన్ను దొంగ అన్నారు. నువ్వు అక్కడే ఉన్నావ్."

"ఉన్నాను."

"ఊరుకున్నావ్."

"ఊరుకున్నాను. తప్పు నాదే."

కుర్రాడు వాటర్ బాత్ వైపు తిరిగాడు. అందులోని తన సీసా చూస్తూ అన్నాడు. "సెల్స్‌లో వాడిన పైపెట్టు గొట్టాన్ని మళ్ళీ సీసాలో ముంచుతానని మేడమ్ ఎన్నిసార్లు తిట్టారో. నీ అక్కని తిన్నవి నా సీసాలోంచే వచ్చాయి."

ప్రొఫెసర్ ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళింది. గాజు తలుపులోంచి ఆమె పెదాలు కదలడం కనిపిస్తోంది. లోపలికి వచ్చి రెండే మాటలు చెప్పింది. ఇంటర్వ్యూకి ర్యాంకు వెళ్తాడు. పిచ్చుక పేరు తీసేశారు.

పిచ్చుక తలూపింది. ఏడవలేదు. నిన్న ఏడ్చిన ఏడుపంతా నిజమేనని జిడ్డుకి అప్పుడర్థమైంది. పోయింది మాత్రం నిన్న కాదు.

అప్పటిదాకా బల్ల పక్కనే నిలబడి ఉన్న బావ కదిలాడు.

"ఆ సీసా తియ్యి."

"అందులో ఏం లేకపోతే బావా?"

"లేకపోతే లేదని పాపకి చెప్తాను. ఉంటే ఉందని చెప్తాను. దానికి ఏదో ఒకటి చెప్పాలి కదమ్మా. నాకు కూడా."

పిచ్చుక కోటు చేతితో మొహం తుడుచుకుంది. ట్యాంకు వైపు వెళ్ళలేదు. ఫ్రిజ్ తెరిచింది. పిచ్చుక బొమ్మ సీసా తీసి, వాటర్ బాత్‌లో మిగతా రెండు సీసాల పక్కన దింపింది.

కేసు అయిపోయింది. జిడ్డు వెళ్ళిపోవచ్చు. ఆయన మూలనున్న కుర్చీ మళ్ళీ లాక్కుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలేగా, ఆగుదామనుకున్నాడు.