సొరకాయ తరిగే కత్తి

ప్రేమ్‌చంద్ అనేవాడు పుట్టకపోయుంటే తన బతుకు ఇలా తగలడేది కాదన్నాడు బసవపున్నారావు. కుర్చీలో కూర్చోకముందే అన్నాడు. చిన్నప్పుడు తన చేతిలో బూరె లాక్కుంది వాడేనట. పురుగుమందుల కొట్టు పెట్టి ఏసీలో కాలు మీద కాలేసుకుంది వాడేనట. ఇప్పుడు పెద్దమ్మ తోట మీద కన్నేసి చేపను చంపిందీ వాడేనట.

నూజివీడు బస్టాండు ఎదురు మేడమీద గదిలో డిటెక్టివ్ పాండురంగారావు కళ్ళు మూసుకుని వింటున్నాడు. అసిస్టెంటు శౌరికి నవ్వొచ్చింది. పెళ్ళాం మీద అనుమానంతో వచ్చినవాళ్ళను చూశాడు, గేదె తప్పిపోయి వచ్చినవాళ్ళను చూశాడు గాని చేప హత్యకు ఇదే మొదలు.

"నవ్వకు శౌరీ. ఆ చేప వెనక తోటుంది," అన్నాడు పాండురంగారావు కళ్ళు తెరవకుండానే.

నిజమే. పిల్లల్లేని సుబ్బరత్నమ్మకు ఈ ఇద్దరూ చెల్లెళ్ళ కొడుకులు. ఆమె భర్త పోతూ మిగిల్చింది ఒక మామిడి తోట, అద్దాల తొట్టిలో పాచి నాకి బతికే మోచెయ్యంత సక్కర్ చేప. వేలెడు పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి, దానికి దొర అని పేరుపెట్టి పెంచుకున్నాడాయన. దొరను ఎవరు బాగా చూస్తే వాళ్ళకే తోట అని పెద్దావిడ ఇద్దరికీ చెప్పింది. ఇద్దరూ తొట్టి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటే కూర్చుని చూసేది. కంటి ఆపరేషన్‌కని బెజవాడ వెళ్తూ తాళాలు బసవపున్నారావు చేతిలో పెట్టింది. కంటికి చీము పట్టి రెండు నెలలు అక్కడే ఉండిపోయింది. రేపు వస్తోంది. దొర ఇవాళ పొద్దున వెల్లకిలా తేలింది.

సుబ్బరత్నమ్మ ఇంటికి వెళ్ళేసరికి పనిమనిషి అచ్చమ్మ వరండాలో కూర్చునుంది. ఒక చెంప వాచింది. తాగుబోతు మొగుడి పని అనుకున్నాడు శౌరి. కాదు, చేప చచ్చిందని బసవపున్నారావు కొట్టాడట.

తొట్టి పక్కనే ప్రేమ్‌చంద్ కొట్టు ముద్రతో చింపిన మైలుతుత్తం పొట్లం పడుంది, చెట్ల తెగుళ్ళ మందులో కలిపేది. బకెట్టు అడుగున నీలం చార. నిన్న సాయంత్రం ప్రేమ్‌చంద్ వచ్చి, తొట్టి పక్కనే కూర్చుని కాఫీ తాగి వెళ్ళాడని బసవపున్నారావు వేలు చూపించి మరీ చెప్పాడు. శౌరికి కేసు తేలిపోయినట్టే అనిపించింది.

పాండురంగారావు మాత్రం పొట్లం వంక చూడలేదు. ఐసు డబ్బాలోంచి చేపను తీయించి తిరగేశాడు. గుండ్రంగా ఉండాల్సిన పొట్ట పీక్కుపోయి వెన్నుకంటుకుంది. కళ్ళు గుంటలు పడ్డాయి. తొట్టి అద్దం మీద చెయ్యి రాశాడు. పాచి లేదు. అద్దంలాగే ఉంది.

"ఎంత తళతళలాడుతోందో చూశారా? అంతా దొర నాకిందేనండి," అన్నాడు బసవపున్నారావు గర్వంగా.

అచ్చమ్మను దొడ్లోకి పిలిచి అడిగాడు పాండురంగారావు, దీనికి తిండేం పెట్టేదానివని.

"అమ్మగారుంటే రోజూ సొరకాయ ముక్క రాయికి కట్టి వేసేదాన్నండి. మధ్యమధ్య రెండు రొయ్యలు. కర్రమొద్దొకటి ఉండేది, దాన్ని గీక్కునేది. ఆవిడ అటెళ్ళగానే బాబుగారు మొద్దు తీయించేశారు, నీళ్ళు ఎర్రబడుతున్నాయని. పాచి తినే చేపకి కూరలెందుకే, ఎవడబ్బ సొమ్మన్నారు." ఆగి కత్తి ఒకటి తెచ్చి చూపించింది. "సొరకాయ తరిగే కత్తండి. నిన్న తెల్లగా ఉంది. పొద్దున్నకి ఇలా ఎర్ర తుప్పు. దీనికీ నన్నే కొడతారు కాబోలు."

కత్తిని పాండురంగారావు పాత పేపర్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కొట్టుకు వెళ్ళి అడిగితే ప్రేమ్‌చంద్ దాచలేదు, కాఫీ తాగిన మాట నిజమేనన్నాడు. "చంపితే నా కొట్టు పొట్లం అక్కడ వదిలొస్తానాండి? మరీ అంత ఎద్దునా?" అన్నాడు.

మర్నాడు సుబ్బరత్నమ్మ నల్ల కళ్ళద్దాలతో సోఫాలో కూర్చుంది. అందరూ ఉన్నారు. బకెట్టు నీళ్ళు, మైలుతుత్తం, సున్నం, వంటింటి కత్తి ఇంకొకటి తెప్పించి, మామిడికి కొట్టే మందు కలిపి చూపించమన్నాడు పాండురంగారావు ప్రేమ్‌చంద్‌ని. ప్రేమ్‌చంద్ చొక్కా చేతులు మడిచి, రెండూ దిమ్మరించి, కర్రతో తిప్పి, అయిపోయిందన్నాడు.

బసవపున్నారావు ఆగలేకపోయాడు. "ఇదీ వీడి యాపారం. అమ్మడమేగాని కలిపిన మొహమా? సున్నం చాలిందో లేదో చూడొద్దూ?" అని కత్తి తీసుకుని బకెట్లో ముంచి పైకెత్తాడు. అలుగు మీద ఎర్రటి పొర. "ఎర్రబడితే సున్నం చాలలేదన్నట్టే," అంటూ అందరికీ తిప్పి చూపించాడు.

పాండురంగారావు జేబులోంచి పేపరు విప్పి అచ్చమ్మ ఇచ్చిన కత్తి దాని పక్కన పెట్టాడు. అదే ఎరుపు.

"చేపను పస్తు పెట్టి మాడ్చారు పున్నారావుగారూ. పాచే చాలనుకున్నారు. ఇంత చేపకి ఆ పాచి ఎన్నాళ్ళొస్తుంది? మీ పెద్దమ్మగారొచ్చే ముందు అది చావుకొచ్చింది. అప్పుడు నింద వేయడానికి ప్రేమ్‌చంద్ కావాలి. కాఫీకి రమ్మన్నారు. అతనెళ్ళాక అతని కొట్టు పొట్లమే చింపి మైలుతుత్తం కలిపారు. తొట్టిలో పొయ్యబోయే ముందు, ఇన్నేళ్ళు తోటకు మందు కలిపిన అలవాటు గదా, చేతికందిన కత్తి ముంచారు. సున్నమే వెయ్యని నీళ్ళలో."

బసవపున్నారావు కత్తి కింద పెట్టాడు. శౌరి తన బాస్ వంక చూసి, పొట్లం చూసి పొంగిపోయినందుకు తనను తాను తిట్టుకున్నాడు.

"పలుగు తీసుకోరా," అంది సుబ్బరత్నమ్మ బసవపున్నారావుతో.

తోటలో చిన్నరసం చెట్టు కింద అతని చేతే గుంట తీయించింది. దొరను దించాక అచ్చమ్మ వాచిన చెంపతో వచ్చి, ఒక సొరకాయ ముక్క గుంటలో వేసి వెళ్ళిపోయింది.

అప్పుడు చెప్పింది పెద్దావిడ, తాపీగా. "ప్రేమ్‌చంద్‌కి ఇద్దామని ఎన్నడూ అనుకోలేదురా. వాడికి కొట్టుంది. చేప బతికినా చచ్చినా తోట నీకేనని మీ పెదనాన్నకి మాటిచ్చాను. మిమ్మల్నిద్దర్నీ ఊరికే ఆడించాను. ఆయనకిచ్చిన ఆ మాట ఇవాళ్టితో రద్దు. చచ్చిందని చెప్పుంటే సరిపోయేది గదరా?"

బసవపున్నారావు పలుగు పట్టుకుని నిలబడిపోయాడు. చుట్టూ చెట్లు కాయ బరువుకు వంగి ఉన్నాయి. రసాలు, బంగినపల్లి కలిపి నాలుగెకరాల ముప్పై ఎనిమిది సెంట్లు.