పన్నెండున్నర లోపు లువా

డోన్ జంక్షన్ రెండో ప్లాట్‌ఫారం మీద, ఉదయం పదింటికి, ఏసుకుమార్ చేతిలోని టీ కప్పు జారిపడింది. వెనకే అతనూ ఒరిగిపోయాడు. గుండెపోటన్నారు జనం. పక్కన కూర్చున్న ఏసీ మెకానిక్‌కి మాత్రం ఆ పెదాల నీలిరంగు చూడగానే విషమని తెలిసిపోయింది. ఒరిగే ముందు ఏసుకుమార్ ఒక పెన్‌డ్రైవ్‌ను అతని టూల్‌బాక్సులోకి జారవిడిచాడు. మెకానిక్ టూల్‌బాక్సు మూసి, లేచి వెళ్ళిపోయాడు. చనిపోయినవాడి కళ్ళు మూసే హక్కు కూడా అతనికి లేదు.

అతని అసలు పేరు నిస్సార్. నిఘా సంస్థలో ఏజెంట్ నైన్‌టీన్. ఏడు వారాలుగా ఇమాం బాషా పేరుతో డోన్‌లో ఒక అద్దెగదిలో ఉంటున్నాడు. ఒకసారి బజారులో ఎవరో ఇంకెవరినో "నిస్సార్!" అని పిలిస్తే, వెనక్కి తిరగకుండా ఉండటానికి మెడ బిగపట్టుకుని నడిచాడు. ఆ రోజంతా ఆ పిలుపు చెవిలోనే ఉండిపోయింది.

చెవిటి మెషీన్‌లా కనిపించే రిసీవర్‌లో సంస్థ చీఫ్ క్లుప్తంగా బ్రీఫింగ్ ఇచ్చాడు. ఏసుకుమార్ ఊరి బయటి సోలార్ ప్లాంటులో కంట్రోల్ ఇంజనీరు. స్కార్పియన్ అనే విదేశీ ముఠా ఆ ప్లాంటు కంప్యూటర్లో ఒక ఫైలు పెట్టింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఎండ నడినెత్తిన ఉండగా, ప్లాంటు మొత్తం ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ దెబ్బకు కరెంటు గ్రిడ్ కూలుతుంది. కర్నూలు, కడప ఆస్పత్రుల్లో వెంటిలేటర్లతో సహా అన్నీ ఆగిపోతాయి. చేత్తో ఆపినా అదే దెబ్బ. ఫైలు తీసేసినా అంతే.

పదకొండున్నరకు నిస్సార్ ప్లాంటు ఏసీ గదిలో నేలమీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైలు నకలు, లువా అనే ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. నంబరు నొక్కాడు.

"నల్లమలలో వాన పడిందా?" అంది అవతలి ఆడగొంతు.

"మబ్బు మాత్రమే," అన్నాడు. ఆ గొంతు అతనికి తెలుసు.

శివలీల. ట్రైనింగులో అతని జోడీ. ఆదోని పిల్ల. తర్వాత పట్టుచీరలు, నల్లకళ్ళద్దాలు, రెండు పాస్‌పోర్టులతో స్కార్పియన్ ముఠాలో చేరింది. సంస్థకోసమే వేగుగా చేరిందని ఒకప్పుడు అందరూ అనుకున్నారు. ఆ ఫైలు రాసింది తనేనని, ఆపే దారి ఏసుకుమార్‌తో పంపింది కూడా తనేనని, ఇప్పుడు కడపలో ఒక లాడ్జిలో దాక్కున్నానని చెప్పింది.

అదే నిమిషంలో, ఆ మాటలు వింటున్న చీఫ్ రిసీవర్‌లో పలికాడు. "నైన్‌టీన్, ఆమె అమ్ముడుపోయింది. ఆమె ఇచ్చింది ఏదీ ఎక్కించొద్దు."

నిస్సార్ దాచలేదు. చీఫ్ మాట ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పేశాడు.

"నన్ను నమ్మాకు," అంది శివలీల. "నేనేమీ ఇయ్యను. లువా నేర్పిస్తా. నువ్వే చూసుకో, నువ్వే రాసుకో."

లువాను ఆమె ఇచ్చిన పెన్‌డ్రైవ్ నుంచి కాకుండా దాని సొంత సైటు నుంచే దించుకోమంది. ఒక ఫోటో కంటే పెద్దదేం కాదు. ఫోల్డరులో విప్పి, నల్లటి కమాండ్ తెర తెరిచి, లువా అని కొడితే బాణంలాంటి చిన్న గుర్తు ఒకటి వచ్చి నిలబడింది. దాన్ని ప్రాంప్ట్ అంటారని, ఒక లైను రాసి ఎంటర్ కొడితే అప్పటికప్పుడే జవాబిస్తుందని చెప్పింది. నిస్సార్ రెండూ మూడూ కూడమన్నాడు. ఐదంది.

ముఠా ఫైలులో నలభై లైన్లే ఉన్నాయి. ఒక్కో లైనుకూ అర్థం అడిగి, ప్రాంప్ట్ దగ్గర పరీక్షించి చూశాడు. పదిహేడో లైనులో పది అంకెల సంఖ్య ఒకటుంది. దాన్ని తేదీగా చూపించమంటే ఈ రోజే, పన్నెండున్నర అని చూపించింది.

"ఇప్పుడు నీకు నచ్చిన సంవత్సరం ఇచ్చి, సంఖ్య నువ్వే చేసుకో," అంది. "ఒక్క కామా తప్పినా ప్లాంటు ఆగుతాది. మెల్లగా చెయ్యి."

అతను 2037 ఇచ్చాడు. కొత్త సంఖ్య వచ్చింది. దాన్ని పదిహేడో లైనులో పెట్టి, ఫైలు మొత్తం లాప్‌టాప్‌లో నడిపించాడు. మొదటిసారి తప్పు చూపించింది. సంఖ్య పక్కన ఉండాల్సిన కామా చెరిగిపోయింది. సరిదిద్దితే నడిచింది.

"నిస్సార్," అంది ఆమె. ఏడు వారాల్లో ఆ పేరుతో అతన్ని పిలిచిన మొదటి మనిషి. "మెట్ల మీద ఎవరో వస్తాండారు. నువ్వు పో."

"యాడికన్నా తప్పించుకో. నేనొస్తా."

"నువ్వొచ్చేసరికి నేనీడ ఉండను," అంది నింపాదిగా. లైను కట్ అయింది.

కంట్రోల్ రూములో ఆపరేటరు, ఏసీ చూసుకోమని అతనికి దారిచ్చి, ఫోన్ మాట్లాడుకుంటూ పక్కకు పోయాడు. నిస్సార్ పెన్‌డ్రైవ్ గుచ్చి, పాత ఫైలు మీద కొత్తది ఎక్కించాడు. అది పూర్తయ్యేసరికి తెరమీద గడియారం పన్నెండు ఇరవై తొమ్మిది దాటి యాభై ఆరు సెకన్లు చూపిస్తోంది. నాలుగు సెకన్లు ఊపిరి బిగబట్టాడు. పన్నెండున్నర దాటింది. మీటర్లు కదల్లేదు. ఆపరేటరు ఆవలించి, గది ఇంకా చల్లబడలేదన్నాడు.

సాయంత్రం కడప నుంచి కబురొచ్చింది. లాడ్జి గది తలుపు విరిగి ఉంది, మనిషి లేదు, నెత్తురూ లేదు. ఆమె మన మనిషా కాదా అన్నది తేలే వరకు ఆమె కేసు ఫైలు తెరిచే ఉంచుతామన్నాడు చీఫ్. ఆమె నేర్పించిందే తప్ప ఏమీ ఇవ్వలేదని నిస్సార్ చెప్పాడు. రిపోర్టులో రాయమని చీఫ్ పెట్టేశాడు.

గదిలో చాప మీద కూర్చుని నిస్సార్ లాప్‌టాప్ తెరిచాడు. రిపోర్టు రాయలేదు. లువా అని కొట్టి, ప్రాంప్ట్ దగ్గర తెలుగులో "శివలీలా, యాడుండావు?" అని రాసి ఎంటర్ నొక్కాడు.

ఈ గుర్తులేవో నాకు తెలియవని లువా వెంటనే ఇంగ్లీషులో జవాబిచ్చింది. పదిహేనేళ్ళ సర్వీసులో, తెలియనిది తెలియదని అతనితో ఒప్పుకున్నది అదొక్కటే.