ఊబిలో జమ్ముకోడి

హైవే తూము కింద నీలిరంగు ఈక దొరకగానే గంగులు కళ్లు మెరిశాయి. వేటగాళ్లంతా ఇక లేదనుకుని వదిలేసిన నీలి జమ్ముకోడి ఈ రోడ్డుపక్క చిత్తడిలోనే ఉందన్నమాట. వెదురుకర్రతో లోతు చూసుకుంటూ అతను ముందు నడిచాడు. వెనక అల్లుడు ఏడుకొండలు, అతని చంకలో దీమపు పిట్ట. తన కూతతో అడవి పిట్టలను రప్పించడానికి పెంచిన పిట్ట అది. బెదరకుండా ఉండాలని దాని కళ్లు దారంతో కుట్టేశాడు గంగులు. అతని జాలి అంతవరకే.

"దీమం కూసినాక నోరెత్తకూడదు. కిందటిసారి నీ వాగుడుకే పిట్ట లేచిపోయింది. ఇయాల కూడా పోయిందో, నా కూతుర్ని కాపురానికి పంపను," అన్నాడు.

ఏడుకొండలు బుద్ధిగా తలూపాడు. భార్య పోలి పుట్టింట్లో ఉండిపోయినప్పటినుంచీ అతనికి అన్నం సయించడం లేదు.

ఉచ్చులు పన్ని, మధ్యలో దీమాన్ని కట్టేసి, ఇద్దరూ చెరోపక్క జమ్ముగడ్డిలో నక్కారు. దీమం కూసింది. దూరంనుంచి బదులు కూత వినిపించింది. సరిగ్గా అప్పుడే ఏడుకొండలు కాళ్ల కింద నేల జారింది. ఊబి! మోకాళ్లు, తొడలు, నడుము... బురద చల్లగా మింగుతోంది. చేతులెత్తి ఊపాడు. మామ చూశాడు. చూసి, తల పిట్టవైపు తిప్పుకున్నాడు.

కేక గొంతుదాకా వచ్చింది. పోలి గుర్తొచ్చి మింగేశాడు.

జమ్ముకోడి అడుగులో అడుగేసుకుంటూ వచ్చి ఉచ్చులో పడింది. దాన్ని చేతికి చిక్కించుకున్నాకే గంగులు కర్ర చాచాడు. ఏడుకొండలు రొమ్ముదాకా బురదతో గట్టెక్కి, రొప్పుతూ అడిగాడు.

"నేను దిగబడతంటే చూశావా మావా?"

"చూశా. నే కదిలితే పిట్ట కూడా చూస్తది మరి."

ఏడుకొండలు ఒళ్లు మండిపోయింది. మామ చేతిలోని జమ్ముకోడిని లాక్కుని ఊబిమీదికి విసిరాడు. అది తడిసిన రెక్కలు తపతపా కొట్టుకుంటూ జమ్ముకేసి పాకింది. గంగులు వెనకాముందూ చూడకుండా దాని వెంట దూకి, నడుముదాకా దిగబడ్డాడు. పిట్ట జమ్ములో కలిసిపోయింది.

ఏడుకొండలు కర్ర అందించి లాగసాగాడు. గంగులు దాన్ని పట్టుకుని, పళ్లు నూరుతూ, "నీ ఇంటికి పిల్లని పంపితే ఒట్టు," అన్నాడు.

ఏడుకొండలు లాగడం ఆపాడు.

పైన రోడ్డుమీద లారీలు పోతున్నాయి. బురద గంగులు చంకలకు చేరింది.

"పంపుతాన్రా," అన్నాడు.

ఏడుకొండలు అప్పటికీ లాగలేదు. "ఎప్పుడు?" అని అడిగాడు.