జ్విక్కర్ టాబ్లెట్‌లో ఖాళీ లేదు

హాలిఫాక్స్ రేవులో డెస్మండ్ పర్సెల్ శవం తేలింది. కాలు జారి పడ్డాడని పోలీసులు తేల్చారు. రోరీ చిషోమ్ నమ్మలేదు. జీవితమంతా ఆ చెక్క వంతెనల మీదే తిరిగినవాడికి ఒక్క పూటలో నడక మరుపు రాదు.

పర్సెల్ ఓడల పైలట్ల ఆఫీసులో సముద్రపు పటాలు చూసుకునే ఉద్యోగి. చాటున రోరీ పనిచేసే గూఢచారి శాఖకు కబుర్లు చేరవేసేవాడు. చనిపోయే ముందు శాఖాధిపతి తెరియో ఫోన్‌లో ఒక సందేశం వదిలాడు. ఆమె తలుపు వేసి రోరీకి అది వినిపించింది.

"జ్విక్కర్ టాబ్లెట్ నిండిపోయింది మేడమ్. దానంతటదే నిండలేదు."

జ్విక్కర్ ఓడలను రేవులోకి నడిపించే పైలట్. ఆ ఉదయం ఒక గ్యాస్ ఓడను లోపలికి తేబోతున్నాడు. దారిలో అది బండకు తగిలి పేలితే రేవు మిగలదు, రేవు చుట్టూ ఉన్న ఊరూ మిగలదు. పరాయి ముఠా ఒకటి దానిమీద కన్నేసిందని శాఖకు తెలుసు. ఎలా కొడతారో తెలియదు. ఓడను ఆపేస్తే ముఠా జారుకుని, ఇంకో రోజు ఇంకో ఓడను పట్టుకుంటుంది.

"ఓడ కంపెనీ తరఫున లరిస్సా వాయిట్ ఎక్కుతోంది. ముఠా జీతం తింటూ మనకు పనిచేస్తోంది" అంది తెరియో.

"మన జీతం తింటూ వాళ్లకు పనిచేయడం లేదు కదా?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?"

రోరీ కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ వేషం వేసుకున్నాడు. నూనె మరకల నీలం చొక్కా, భుజాన పనిముట్ల సంచి. చేతికి మాత్రం శాఖ వాళ్లిచ్చిన గడియారం. దగ్గర్లో ఎవరి దగ్గర్నుంచి వైర్‌లెస్ సిగ్నల్ వస్తున్నా దాని ముల్లు అటు తిరుగుతుంది.

ఓడ దగ్గరికి వెళ్లే చిన్న పడవలో రోరీ వెళ్లి కెప్టెన్ బర్క్ జ్విక్కర్ పక్కన కూర్చున్నాడు. జ్విక్కర్‌కు తెల్లటి గడ్డం, ఒళ్లో టాబ్లెట్. పొగమంచు పాలమీగడలా కమ్ముకుంది. ముసలాయన జేబులోంచి ఓట్‌కేక్ బిస్కెట్ తీసి సగం తుంచి ఇచ్చాడు.

"వారం నుంచి ఒకటే ఏడుపు అబ్బాయ్, ఖాళీ లేదు, ఖాళీ లేదని. కుక్క ఫొటోలన్నీ తీసేశాను. తెల్లారేసరికి మళ్లీ నిండి కూర్చుంటుంది. ఇక మిగిలినవి వెర్నా పాటలే. వాటి జోలికి నేను పోను."

వెర్నా ఆయన భార్య. పోయిన చలికాలం కన్నుమూసింది. వంటింట్లో పాడుతుండగా తీసిన వీడియోలు ఆ టాబ్లెట్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

తాడు నిచ్చెన ఎక్కి ఇద్దరూ ఓడ నడిపే గదికి చేరారు. లరిస్సా అప్పటికే అక్కడుంది. ఎర్ర కోటు, మెడలో ముత్యాలు, చేతిలో తోలు సంచి. సముద్రం మీదికి కాక పెళ్లికి వచ్చినట్టుంది. రోరీ సంకేతవాక్యం వదిలాడు.

"లూనెన్‌బర్గ్‌లో ఎండ కాస్తోందట."

"ఎండను నమ్మి గొడుగు వదిలేసేవాళ్లు మా ఇంట్లో లేరు" అని నవ్విందామె. మాట సరిగ్గానే ఉంది. ఆ నవ్వే రోరీకి నచ్చలేదు.

ఓడ రేవు ముఖద్వారం దాటి ఇరుకు దారిలో పడగానే రాడార్ ఆరిపోయింది. వెనక్కి తిప్పే చోటు లేదు. ఇక దారి చూపేది కెప్టెన్ టాబ్లెట్‌లోని పటమే. నీలిగీత మీద ఓడ బొమ్మ బుద్ధిగా జరుగుతోంది. అంతా క్షేమమే. మరీ క్షేమంగా ఉండటమే రోరీకి అనుమానం. పైన మూలలో చిన్న అక్షరాలు కనిపించాయి: స్టోరేజ్ నిండింది, కొత్త పటాలు దిగలేదు.

"ఆ వీడియోలు తీసేయండి కెప్టెన్, చోటంతా అవే తింటున్నాయి" అంది లరిస్సా మెల్లగా.

జ్విక్కర్ మొహం వాడిపోయింది. వేలు వెర్నా బొమ్మ దగ్గరికి వెళ్లింది. రోరీ ఆ చేతిని ఆపి టాబ్లెట్ తీసుకున్నాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఏది ఎంత చోటు తింటోందో చూశాడు. వెర్నా పాటలన్నీ కలిపినా పిడికెడు. కొండలా పెరిగింది పటాల యాప్ కాష్. యాప్ తన పని తొందరగా అయ్యేందుకు పక్కన దాచుకునే ముక్కలే కాష్. ఎవరో వాటిలో దొంగ పటాలు కలిపి, కొత్తవి దిగకుండా చోటంతా నింపేశారు. పర్సెల్ కనిపెట్టింది ఇదే. ప్రాణం తీసిందీ ఇదే.

ఎడమవైపు ఎక్కడో గంట మోగింది. నీళ్లలోని బండలు ఉన్నచోట తేలుతూ మోగే గంట.

"అది కుడివైపు ఉండాలే" అన్నాడు జ్విక్కర్ గొంతు తగ్గించి. "పటంలో కుడివైపే ఉంది."

ఇంజన్లు ఆపమని అరిచాడు. కానీ అంత బరువైన ఓడ చెప్పగానే ఆగేది కాదు.

తెర మీద రెండు బటన్లున్నాయి. డేటా తుడిస్తే యాప్ లాగిన్ కూడా పోయి పాస్‌వర్డ్ అడుగుతుంది, తెర గుడ్డిదవుతుంది. రోరీ రెండోది, కాష్ తుడిచేది నొక్కాడు. చోటు ఖాళీ అయింది. కొత్త పటాలు జలజలా దిగసాగాయి.

పొగమంచులో, ఇనుప గదిలో, ఇంత వేగమా? రోరీ గడియారం చూసుకున్నాడు. ముల్లు తీరం వైపు లేదు. లరిస్సా తోలు సంచి వైపు ఉంది. పైలట్ ఆఫీసు వైఫై పేరు పెట్టుకుని ఆమె ఫోన్ మళ్లీ అవే దొంగ పటాలు పోస్తోంది.

కనెక్షన్ తెంచేశాడు. తన ఫోన్‌కు కలిపాడు. మళ్లీ కాష్ తుడిచాడు. లరిస్సా చేయి సంచిలోకి వెళ్లడం కంటి చివర కనిపించింది. పనిముట్ల సంచి విసిరి కొట్టాడు. చిన్న పిస్తోలు నేల మీద జారుకుంటూ పోయింది. ఓడ సిబ్బంది ఇద్దరు ఆమెను పట్టుకున్నారు.

ఈసారి పటం నత్తనడకన దిగింది. ఒక గడి, ఇంకో గడి. చివరి గడి తెరుచుకునేసరికి ఓడ ముక్కు ఎదురుగా నల్లటి బండల గుర్తులు.

"చుక్కాని కుడికి, పూర్తిగా" అన్నాడు జ్విక్కర్. చుక్కాని పట్టుకున్నవాడు చక్రం తిప్పాడు.

ఓడ మూలిగింది, ఒరిగింది. గంట కిటికీ పక్కనే మోగుతూ వెళ్లి వెనకబడింది.

"తప్పు వీడియోల మీదికి నెడితే నమ్మేస్తారనుకున్నాను. అందరూ ముందు వాటినే కదా తీసేది" అంది లరిస్సా, చెదిరిన జుట్టు సర్దుకుంటూ.

"పర్సెల్ నమ్మలేదుగా" అన్నాడు రోరీ.

రేవులో కస్టమ్స్ దుస్తుల్లో ఎదురుచూస్తున్న శాఖ మనుషులు ఆమెను కారెక్కించారు. కెప్టెన్‌కు రోరీ ఎవరో ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ముసలాయన ఒడ్డున బల్ల మీద కూర్చుని వెర్నా పాట ఒకటి చివరిదాకా విన్నాడు. తర్వాత లేచి వచ్చి రోరీ చేయి పట్టుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. ఏదో పెద్ద మాట చెప్పబోతున్నాడని రోరీ తల వంచుకున్నాడు.

"పని తెలిసినవాడివి అబ్బాయ్" అన్నాడు జ్విక్కర్. "మా అమ్మాయి ప్రింటర్ కూడా మొరాయిస్తోంది. ఆదివారం ఖాళీయేనా?"