అంకాలమ్మ వేలిముద్ర

మా పేటలో దొంగతనాలు తగ్గాయని ఈ జనవరిలో పేపర్లో పడింది. జిలానీ మామ ఆ ముక్క కత్తిరించి, జిరాక్స్ మిషన్ పైన గోడకు అంటించాడు.

"తగ్గించింది ఎవరనుకుంటాండావ్ మ్మే? మనమే!" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. అప్పటికి అంకాలమ్మ చచ్చిపోయి అయిదు నెలలు.

ఆ నవ్వు నవ్వినందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు జువేరియా. ఊరు ప్రొద్దుటూరు. పేట పేరు చెప్పను. పదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా బజ్జీలు చుట్టిచ్చే పేపర్ల లోంచే. పోలీస్ స్టేషన్ ఎదురుగా మామ జిరాక్స్ అంగడిలో కూర్చుని, రాయడం రాని వాళ్లకు అర్జీలు రాసిస్తాను.

మామ నేర్పిన పద్ధతి ఒకటుంది. గొలుసు లాక్కుపోయారని రాస్తే కేసు, సాక్షులు, నెలల తరబడి తిరుగుడు. ఎక్కడో జారి పడిపోయిందని రాస్తే పూటలో రశీదు చేతికొస్తుంది. "వాళ్లకూ సులువు, మనకూ సులువు. ఎట్ల రాసినా పోయింది తిరిగి రాదు గదా," అనేవాడు. నాకూ నిజమే అనిపించేది. రెండేళ్లలో నా చేతి మీదుగా ఎన్ని గొలుసులు, ఎన్ని ఫోన్లు జారి పడిపోయాయో...

అంకాలమ్మ పోయిన ఆషాఢంలో వచ్చింది. చాపాడు పక్కన పల్లె, గొర్రెలు మేపుకునే మనిషి. అరవై ఉంటాయి. ఒంటినిండా గొర్రె బొచ్చు వాసన. మెడ చుట్టూ తాడుతో కోసినట్టు ఎర్రటి గీత.

"బండి మింద ఇద్దరొచ్చినారు పాపా. నేను గొలుసు ఇడవలేదు. నన్నూ ఈడ్చుకుంటా పోయినారు. ఎనక కూచున్నోని కుడి మణికట్టు మింద కాలిన మచ్చ ఉంది, నెలవంక మాదిరి. అది మాత్రం రాయి. నా గొలుసు పోతే పోనీ. వాడు ఇంకో ఆడదాని మెడ మింద చెయ్యెయ్యగూడదు."

నేను రాశాను: బస్టాండు జనంలో గొలుసు జారి ఎక్కడో పడిపోయినది.

"మచ్చ రాసినావా?"

"రాసినా అవ్వా."

నా మొహంలోకి చూసింది. నమ్మింది. బొటనవేలికి నీలి సిరా పూసుకుని ముద్ర వేసింది. కొంగుకు తుడుచుకోబోయి ఆగింది. "ఉండనీలే, మా ఆయనకు చూపిస్తా. కేసు పెట్టినానంటే నమ్మడు," అంటూ బోసినోటితో నవ్వింది.

మూడు వారాలకు ఆ ఆయన వచ్చాడు. రామన్న. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"శ్రావణ శనివారమని గండి గుడికి పోతాండె తల్లీ. పులివెందుల బస్టాండులో, టీ అంగడి కాడ ఆ చెయ్యి కనపడింది. పోయి పట్టుకుందంట. 'నీ మచ్చ కాయితంలో ఎక్కించినా రా, యాడికి పోతావ్' అనిందంట. జనం జమైనారు. ఎవరో ఈ ఎదురు స్టేషనుకు ఫోన్ చేసినారు. కాయితం సదివితే, యాడనో జారిపోయిందని ఉందంట. ముసల్దానికి మతి లేదని తిట్టి, వాణ్ని ఇడిసిపెట్టినారు. మూడో పొద్దుకు మా ఊరి కాలవలో తేలింది."

తలపాగాతో మొహం తుడుచుకున్నాడు.

"కాయితం ఎట్ల తప్పిందో నీకేమన్నా తెలుసునా?"

"తెలీదు తాతా."

ఆమె చావు అర్జీ కూడా నేనే రాశాను. నిజం రాస్తే, మొదటి అర్జీ ఎవరు రాశారని అడుగుతారు. కాలు జారి కాలువలో పడినది. మామ చెప్పనైనా లేదు. నా చెయ్యి తనంతట తనే రాసింది.

ఇక మొన్న మే నెల సంగతి.

పన్నెండు దాటితే మా వీధిలో కుక్క కూడా కనిపించదు. మిట్టమధ్యాన్నం ఒంటరిగా ఉండొద్దని, అది రాత్రి కన్నా చెడ్డ వేళని మా అమ్మ అంటుంది. మామ నమాజుకు పోతూ, ఎండ పడుతుందని షట్టర్ మోకాలెత్తు వరకూ దించి పోయాడు. అంతలో కరెంటు పోయింది. ఫ్యాన్ రెక్కలు నీరసంగా తిరిగి ఆగాయి. పైన రేకులు కాగి టక్... టక్... మంటున్నాయి. లోపల చీకటి. వేడెక్కిన సిరా వాసన.

ఆ వాసనలోకి మెల్లగా ఇంకో వాసన వచ్చింది.

తడిసిన గొర్రె బొచ్చు.

షట్టర్ కింద వెలుగులో రెండు పాదాలు. వాటి చుట్టూ నేల తడిసి ఉంది. అంత ఎండలో ఆ తడి ఆరడం లేదు... పెరుగుతోంది.

"ఎవరూ?"

నీళ్లు బొట్టు బొట్టుగా పడుతున్న చప్పుడు.

"పాపా... ఇంగో తూరి రాయి."

షట్టర్ కిందుగా ఒక చెయ్యి లోపలికి వచ్చింది. నాని, తెల్లగా ముడతలు పడిన వేళ్లు. బొటనవేలికి నీలి సిరా. ఇంకా పోలేదు.

నేల మీద కూలబడి రాశాను. బండి. ఇద్దరు. ఈడ్చుకుపోవడం. పులివెందుల. కాలువ. నేను రాసిన రెండు అబద్ధాలూ రాశాను.

"మచ్చ?"

"రాసినా అవ్వా."

"పోయిన తూరీ అట్లే అంటివి. సదువు."

చదివాను. "కుడి మణికట్టు మీద... నెలవంక మాదిరి... కాలిన మచ్చ..."

అవతల ఏడుపు. అది భయపెట్టే ఏడుపు కాదు. కాయితం ఉందన్న ధైర్యంతో ఒక దొంగ చెయ్యి పట్టుకుని, అంతమందిలో పిచ్చిదనిపించుకున్న ముసలామె ఏడుపు. నాకూ ఏడుపొచ్చింది. కాగితం ముందుకు జరిపాను. బొటనవేలు దాని మీద ఆనింది.

తర్వాత ఆ చెయ్యి నా మణికట్టు పట్టుకుంది.

చల్లగా... గట్టిగా...

విడవలేదు.

మామ షట్టర్ ఎత్తేసరికి కరెంటు వచ్చింది. నేల పొడిగా ఉంది. కాగితం మీద వేలిముద్ర ఉంది. నా కుడి మణికట్టు మీద నెలవంక ఉంది. కొత్తగా కాలింది కాదు. చర్మంలో కలిసిపోయిన పాత మచ్చ.

"మామా, ఇది చూడు..."

"ఏంది చూసేది? అంగట్లో చేరిననాటి నుంచీ ఉండేదే గదా," అంటూ మిషన్ ఆన్ చేశాడు.

ఇంటికి పరిగెత్తి అమ్మకు చూపించాను. అమ్మ దాన్ని వేలితో నిమిరింది. "ఆ పొద్దు ఎంత ఏడ్చినావో బిడ్డా," అంది.

"ఎట్లా కాలిందమ్మా?"

అమ్మ చాలాసేపు ఆలోచించింది. ఎంతకీ గుర్తు రాలేదు.

ఇందాక రామన్న తాతకు ఫోన్ చేసి అంతా ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను. ఒకే మాట అడిగాడు.

"ఈ తూరి మచ్చ రాసినావా తల్లీ?"

"రాసినా తాతా."

పొద్దున మొదటి బస్సుకు వస్తానన్నాడు. ఇద్దరం పోయి అర్జీ ఇస్తాం. అది చదివిన వాళ్లు ముందు నా చేతి వైపే చూస్తారు. చూడనీ.

మడిచి పెడదామని ఇప్పుడే కాగితం తీశాను. మడవలేకపోయాను. ఆమె వచ్చిపోయి తొమ్మిది రోజులైంది.

వేలిముద్ర ఇంకా తడిగానే ఉంది.